బంటు గుర్రమైన ఆట

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం వచ్చిన రెండు మూడేళ్లకు నేను చదరంగం బ్లాగు మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆడిన ఆటలన్నీ, ప్రతి ఎత్తుతో సహా, నా డైరీల్లో ఉన్నాయి. వారానికొకటి తీసి విశ్లేషించి, చివర "తప్పు కనిపిస్తే మొహమాటం లేకుండా రాయండి" అని చేర్చేవాణ్ణి. వచ్చేవన్నీ మెచ్చుకోళ్లే.

ఒక వారం మా ఆఫీసు పోటీల ఫైనల్ ఆట పెట్టాను. ముప్ఫై ఏళ్లుగా దాని మీద నాది ఒకటే మాట: అందులో గెలుపు లేదు, నేను డ్రాకు ఒప్పుకోవడమే సరైన పని. నా బంటు చివరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. దాన్ని మంత్రి చేస్తే ఎదుటివాడి మంత్రి నా రాజుకు వరసగా చెక్‌లు ఇస్తూనే ఉంటుంది, ఆట తెగదు. అదంతా వివరంగా రాసి, "గెలుపు చూపగలవారు ఉంటే చూపండి" అన్నాను. ఎవరూ లేరనే ధైర్యంతోనే అన్నాను.

మూడో రోజు ఒక కామెంటు వచ్చింది. "సార్, బంటు దిగేది గుర్రం ఇంట్ల. గుర్రమే అయితది గద. ఇగ ఆట మీదే."

నవ్వొచ్చింది. మన పాత పద్ధతి చదరంగంలో బంటు ఏ గడిలో దిగితే, ఆట మొదట్లో అక్కడుండే పావే అవుతుంది. "అది పల్లెల పద్ధతి, పోటీల్లో చెల్లదు" అని జవాబు పెట్టి భోజనానికి లేచాను.

చేతులు కడుక్కుంటుండగా తట్టింది. పోటీల్లోనూ బంటును గుర్రం చేసుకోవచ్చు. అందరూ మంత్రినే కోరుకుంటారు కాబట్టి ఆ సంగతే మనసుకు రాదు. వెనక్కి వచ్చి బల్ల మీద పావులు పేర్చి, బంటు తీసి గుర్రం పెట్టాను. రాజుకు చెక్, అదే గుర్రం గురి మంత్రి మీద కూడా. రాజు జరగక తప్పదు, మంత్రి పోక తప్పదు. అన్నం చల్లారిపోయింది. నా జవాబు కొట్టేసి, "ఈ ఆట నేను గెలవాల్సింది" అని పైన రాశాను.

ఆ కామెంటు రాసింది ఎవరని అడిగితే జవాబిచ్చాడు: శంషాబాద్ పక్కనున్న సాతంరాయి మనిషి, విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడుపుతాడు, నా ఆట బండిలో కూర్చుని ఫోన్లోనే చదివాడట. మర్నాడు ట్యాక్సీలు ఆగే చోటికి వెళ్లి కలిశాను.

"బోర్డు లేకుండా ఎలా చూశావు బాబూ?"

"గందుల ఏముంది సార్! బంట్లన్నీ మంత్రులే అయితే ఇగ గుర్రాలెందుకు?"

పక్క డ్రైవరు పకపకా నవ్వాడు. "సార్‌కే పాఠం చెప్తున్నవా అన్నా, నీకో దండం!"

"నాదేముంది, మా బాపు నేర్పిన ఆట. ఆయన మీద ఇంకా ఒక్కపారి గూడ గెలువలేదు. మీ ఆట సుత బంటు కాడి దాక ఫోన్ల సదివి ఇనిపిచ్చిన సార్. 'గుర్రం కోసమే బంటును గంత దూరం తోలిండు, మస్తు తెలివి' అన్నడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఔనన్న. మీ ఇజ్జత్ నేనెందుకు తియ్యాలె?"

"నిజమే చెప్పు. ముప్ఫై ఏళ్లు నాకు కనిపించనే లేదని చెప్పు."

అతను తల అడ్డంగా ఊపాడు. "చెప్త గని, మా బాపు నమ్మడు సార్."