మస్తానమ్మ అడిగిన ముడి

2023 కార్తీకమాసం. కావలిలో రైల్వేస్టేషనుకు వెళ్ళే దారిలో నాకో చిన్న పుస్తకాల షాపు ఉంది. ముందు అరల్లో గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంటాయి. నా ప్రాణం మాత్రం వెనక అరలో ఉంటుంది. వంట, బేకింగ్, మిద్దెతోట, కుట్లు, అల్లికలు. "ఏ పుస్తకం మంచిదండీ?" అని ఎవరైనా అడిగితే నాకు పండగే. అయితే ఊరికే చేతిలో పెట్టి పంపను. తోట పుస్తకమైతే మీ ఇంటి నీళ్ళు చప్పగా ఉంటాయా, ఉప్పగా ఉంటాయా అని ముందు అడుగుతాను. "ఉప్పు తగినంత" అని రాసి చేతులు దులుపుకున్న వంట పుస్తకాలను ఎవరికీ అందని పై అరకు ఎక్కిస్తాను.

అల్లిక పుస్తకాలకు నాదొక పరీక్ష ఉంది. స్టెప్ ఫోటోలు, అంటే ఒక్కో అడుగూ చూపించే బొమ్మలు, ఏ వైపు నుంచి తీశారో చూస్తాను. అల్లేవాళ్ళ భుజం మీదుగా తీస్తే ఆ చేతులు మన చేతుల్లాగే కనబడతాయి. ఎదురుగా నిలబడి తీస్తే చూసేవాళ్ళకు కుడి ఎడమలు తారుమారవుతాయి. అలాంటివి చూసి నేర్చుకున్న చేయి మళ్ళీ దారికి రావడం కష్టం. ఇదంతా నా చాదస్తమని మా వాళ్ళు నవ్వుతారు.

ఆ మధ్యాహ్నం మస్తానమ్మ షాపులోకి వచ్చింది. బోగోలు దగ్గరి పాలెం నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే మనిషి. ఏళ్ళ తరబడి నా వాకిట్లో చేపలు కోసి ఇచ్చింది కానీ షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు. ఖాళీ గంప బయట పెట్టి, కొంగులోంచి చిన్న వల ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కా, ముడులేసేది చూపించే పుస్తకం ఏదన్నా ఉండాదా?"

ఆమె భర్త సంగతి నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది గాలివానలో పడవ తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. అతను చేరలేదు. శవం కూడా దొరకలేదు. మస్తానమ్మ మాత్రం బొట్టు తీయలేదు.

"వచ్చే అమావాస్యకి దినాలు చేసేయాలంటా ఉండారక్కా పెద్దోళ్ళు. నేను ఒప్పుకోలే. మాయన చిరిగిన వల వసారాలో ఏలాడతా ఉండాది. తెల్లారి లేసి చూస్తే ఆడింత ఆడింత బాగు చేసి ఉంటాది. ఇదో, దాన్లోదే ఈ ముక్క. కుక్క గూడా అరవదు."

"మీ వాళ్ళెవరైనా చేస్తున్నారేమో?" అన్నాను.

"ఇంట్లో నేనూ మాయత్తే. ఆమెకి చూపు ఆనదు. మా పాలెంలో ఆడోళ్ళు వల ముట్టరు. మాయత్త ఏళ్ళతో తడిమి చూసి, ముడి తిరగేసి ఉండాది, నా కొడుకు ముడి ఇట్టా ఉండదు అనింది. చచ్చినోళ్ళు చేసేదంతా తిరగేసే గదా, వాడే వచ్చి పోతా ఉండాడు, దినాలు చేసి పంపించేయండి అని ఒకటే ఏడుపు." ఆమె గొంతు తగ్గింది. "బతికుండే మనిషి ఇట్టా ముడేస్తాడని నీ పుస్తకాల్లో ఉంటే చూపించక్కా. తీసకపోయి పెద్దోళ్ళ ముందర పెడతా."

గుడ్డు లేని కేకు పుస్తకం అడిగినవాళ్ళున్నారు, కుండీలో కరివేపాకు బతికించే పుస్తకం అడిగినవాళ్ళున్నారు. మొగుడు బతికే ఉన్నాడని చెప్పే పుస్తకం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను మాక్రమే పుస్తకం ఒకటి దించాను. మాక్రమే అంటే తాడుకు ముడులు వేస్తూ గోడకు తగిలించే అలంకరణలు చేయడం. వెతగ్గా వెతగ్గా అలాంటి ముడే కనబడింది.

"ఇదిగో, ఎడమచేతి వాటం వాళ్ళు వేస్తే ఇలాగే వస్తుంది."

ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే బతికే ఉండాడు!"

"మీ ఆయనది ఎడమచేతి వాటమా?"

ఆ వెలుగు అంతలోనే ఆరిపోయింది. "కాదక్కా."

నాకు నా ఫోటోల చాదస్తం గుర్తుకొచ్చింది. "ఆయన వల బాగుచేసేటప్పుడు నువ్వెక్కడ కూర్చునేదానివి?"

"ఎదురుగానే. చేపలమ్మి వచ్చినాక ఆ పొద్దు సంగతులన్నీ చెప్తా కూచునేదాన్ని. ఆయన పని చేసుకుంటా వినేవాడు."

పార్సిళ్ళు కట్టే దారంతో ఒక ఉచ్చు వేసి బల్ల కొక్కేనికి తగిలించి, మిగతా దారం ఆమెకిచ్చాను. "నాకు రాదక్కా, నేను ఏనాడూ వల ముట్టినదాన్ని కాదు" అంది. ఊరికే పట్టుకోమన్నాను. ఆ పొద్దు ఏం చేపలు అమ్ముడుపోయాయో, ఎవరు బేరమాడారో చెప్పమన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వంజరం ఎవరూ కొనలేదట, రొయ్యలు గంప దించగానే అయిపోయాయట. చెబుతూ చెబుతూ దారాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఏళ్ళ తరబడి ఆమె కుడి చేత్తో చేపలు కోయడం చూసినదాన్ని. ఇప్పుడు ఆ ఎడమ చేయి ఉచ్చులో దూరి, చుట్టు తిరిగి, ముడి బిగించింది. మళ్ళీ ఇంకోటి. ఆమె చూపు మాత్రం నా మొహం మీదే ఉంది. చేతులు వేరెవరివో అన్నట్టు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నాకు భయం వేసింది.

"మస్తానమ్మా" అన్నాను మెల్లగా.

ఆమె తల దించింది. దారాన్నీ వల ముక్కనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"అయితే, నిద్దట్లో లేసి నేనే ఏస్తా ఉండానా? రోజూ వచ్చింది ఆయన కాదా అక్కా?"

దయ్యం నిజమైతే బాగుండునని నా జన్మలో మొదటిసారి అనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "మాయత్తకి నేనే చెప్తాలే" అని లేచింది. పుస్తకం తీసుకెళ్ళలేదు. ఆ అమావాస్యకే దినాలు జరిగాయని తర్వాత విన్నాను.

అల్లికల పుస్తకం కోసం వచ్చినవాళ్ళను ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతున్నాను: ఇంతకు ముందు ఎవరి దగ్గరైనా కూర్చుని చూశారా, ఏ వైపు కూర్చున్నారు? రాదనుకున్న పని కూడా కొందరి చేతులకు వచ్చే ఉంటుందని మస్తానమ్మ దగ్గరే తెలుసుకున్నాను.

మొన్న ఎండాకాలం పాలెం వెళ్ళాను. ఆడదానివి వల ముట్టడమేంటని మొదట్లో గొణిగినవాళ్ళే ఇప్పుడు చిరిగిన వలలు ఆమెకు తెచ్చిస్తున్నారు. ముడి తిరగేసి ఉన్నా జారదట. వసారాలో కూర్చుని, పట్టపగలే, ఎడమ చేత్తో వల బాగుచేస్తోంది. ఆమెకు ఎదురుగా శుభ్రంగా దులిపిన చాప పరిచి ఉంది. నాకోసమే అనుకుని అటు అడుగేశాను.

"ఆడ కాదక్కా. ఇట్టా, నా పక్కకి రా."

పక్కన కూర్చున్నాను. ఆమె మళ్ళీ వల అందుకుని, ఆ పొద్దు ఎన్ని చేపలు అమ్ముడుపోయాయో ఆ ఖాళీ చాప వైపు చూస్తూ చెప్పసాగింది.