ఎదురు రాని పెద్దమ్మ

ఎనభైల మధ్యలో ఒక సెప్టెంబరులో మా పెద్దమ్మను వెంటబెట్టుకుని అమెరికాలోని మేన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున నాలుగు రోజులు నడిచాను. ఐర్లండ్ దేవతల కథలు చెప్పుకుంటూ ఆడవాళ్ళు నడిచే యాత్ర అది. హెర్న్‌డన్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో గోడకు అంటించిన కాగితం చూసి ఫోన్ చేశాను. మా ఆయన ఒకటే నవ్వు. "దేవతల కోసం అంత దూరం డ్రైవ్ చేయాలా? పిట్స్‌బర్గ్ వెళ్ళి వెంకన్నకు ఓ దణ్ణం పెట్టుకుంటే పోలా?" అన్నాడు. గుళ్ళో లైన్లో నిలబడాలంటే నాకు చిరాకని, నడవమంటే మాత్రం ఎక్కడికైనా సిద్ధమని ఆయనకు తెలుసు. తెలిసే అంటాడు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఇరవై రెండేళ్ళకే భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఆర్నెల్లు ఉండి వెళ్దామని మా ఇంటికి వచ్చింది. నాకు నోరెక్కువని అందరూ అంటారు గానీ, ఆవిడ ముందు నేనెంత!

యాత్ర నడిపించే ఆవిడకు అరవై దాటాయి. ఎర్రటి ముఖం, మగవాళ్ళ బూట్లు, చేతిలో కర్ర. వాళ్ళ నానమ్మ ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిందట. అక్కడి తీరం, ఇక్కడి తీరం ఒకేలా కనిపించేసరికి తన దేవతలందరినీ తెచ్చి ఈ రాళ్ళమీద దింపేసిందట. దారిలో నీటి ఊట కనిపిస్తే బ్రిజిడ్ అనే దేవత కథ చెప్పి, అందరి చేతా దోసెడు నీళ్ళు తాగించి, పక్కనున్న చెట్టుకొమ్మకు ఒక గుడ్డపీలిక కట్టి మొక్కుకోమంది. "ఓసినీ, ఇది మన ముడుపే కదే!" అని పెద్దమ్మ సంబరంగా తన చేతిరుమాలు పర్రున చింపేసింది. మధ్యాహ్నం అందరూ పీతల సూపు తాగుతుంటే మేమిద్దరం బండమీద కూర్చుని బ్రెడ్డుకు గోంగూర పచ్చడి రాసుకుని తిన్నాం. గాలి చల్లగా, ఎండ మెత్తగా ఉంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

రెండోరోజు యాత్ర నడిపించే ఆవిడ ఒక ముసలి దేవత కథ చెప్పింది. ఆ దేవత కొండరాళ్ళను కొంగులో మూటగట్టి మోసుకెళ్తుంటే జారిపడినవన్నీ దీవులయ్యాయట. ఆవిడను కట్టుకున్న మొగుళ్ళు ముసలివాళ్ళై పోతుంటే ఆవిడ మాత్రం మళ్ళీ పడుచుదైపోయేదట. అలా ఏడుగురు పోయారట. చివరికి సముద్రం వైపు చూస్తూ రాయైపోయిందట. నేను వాక్యం వాక్యం పెద్దమ్మకు తెలుగులో చెబుతున్నాను. పెద్దమ్మకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ ఈ యాస పట్టుబడలేదు.

"ఏడుగురా!" అంది బుగ్గన వేలేసుకుని. "ఏడుగుర్ని పొట్టన పెట్టుకున్న దానికి దణ్ణాలా! నాకు ఒక్కడు పోతేనే పెళ్ళిపందిట్లో చోటు లేదన్నారు కదే." అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత మాత్రం ఆవిడకు ఆ రాయి ధ్యాసే. వాళ్ళ నానమ్మ ఇక్కడి ఒక రాయినే ఆ దేవత అందట, ఆఖరి రోజు చూపించబోయేది దాన్నే. ఒడ్డుకు ఎదురుగా ఉన్న చిన్న దీవిలో ఉందది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గులకరాళ్ళ దారి తేలుతుంది. దానిమీద నడిచి వెళ్ళి, నీళ్ళు మళ్ళీ కమ్మేలోపు తిరిగి వచ్చేయాలి. "నన్ను ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళావంటే ఇంకేం అడగనే," అని పెద్దమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పేది.

మూడోరోజు సాయంత్రం యాత్ర నడిపించే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "మీ ఆంటీ రేపు వ్యాన్‌లో సామాన్లతో ఉండిపోతే మంచిది. రోజూ అందరికంటే వెనక పడిపోతోంది. పొద్దున్న బయల్దేరడానికీ ఆలస్యమే. మోకాళ్ళు నొప్పి అనుకుంటాను, పాపం. ఆ దారిలో వెనకబడితే ప్రమాదం. నేను రిస్క్ తీసుకోలేను," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, పెద్దమ్మ మీద. మేం బస చేసిన ఇంట్లో మా గదిలోకి వెళ్ళి, "మోకాళ్ళు నొప్పైతే చెప్పి చావచ్చుగా!" అన్నాను.

"నా మోకాళ్ళకేం? దుక్కల్లా ఉన్నాయి."

"మరి రోజూ అంత వెనక ఎందుకు నడుస్తున్నావ్? పొద్దున్నే అందరూ గుమ్మం దగ్గర నిలబడితే బాత్రూంలో దూరి తలుపేసుకుంటావెందుకు?"

పెద్దమ్మ మంచంమీద దుప్పటి సర్దింది. "పరాయి ఆడవాళ్ళు, రాళ్ళూ నీళ్ళూ దాటి పోతున్నవాళ్ళు. నా మొహం చూసి బయల్దేరడం దేనికే? వాళ్ళు గడప దాటాక నేను వస్తున్నాను. ఇందులో ఎవరికేం నష్టం?"

ముప్పై ఏళ్ళకు పైగా మా ఇళ్ళల్లో జరిగిందే అది. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయేది. మేమంతా అది మామూలే అనుకున్నాం. సముద్రాలు దాటి ఇక్కడికి కూడా ఆవిడ దాన్ని మోసుకొచ్చిందని తెలిసేసరికి నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"వాళ్ళకు చెప్తాను," అన్నాను.

"చెప్పావంటే నా మీద ఒట్టే. కుంటిదనుకోనీ, ఫర్వాలేదు. ఇది తెలిస్తే తలెత్తుకోలేను. రాయి చూడకపోతే ఏం, కొంప మునిగిందా!" గోడవైపు తిరిగి పడుకుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆవిడకు.

ఒట్లంటే నాకు లక్ష్యం లేదు. మెట్లు దిగి వెళ్ళి చెప్పేశాను. యాత్ర నడిపించే ఆవిడ అంతా విని, "అంటే ఆమె బాగానే నడవగలదా?" అని అడిగింది.

"మీకంటే బాగా."

"అయితే రేపు చూద్దాం," అని వెళ్ళి పడుకుంది.

మర్నాడు పెద్దమ్మ యథాప్రకారం బాత్రూంలో దూరింది. అందరూ వెళ్ళిపోయారన్న ధీమాతో తలుపు తీసి వచ్చేసరికి, గుమ్మంలో యాత్రలోని ఆడవాళ్ళంతా బూట్లు తొడుక్కుని, ఆవిడకేసి ముఖాలు పెట్టి నిలబడి ఉన్నారు. పెద్దమ్మ చప్పున వెనక్కి తగ్గింది. ఎవరూ కదల్లేదు.

"మీరు ముందు నడిస్తేనే మేం బయల్దేరతాం," అంది యాత్ర నడిపించే ఆవిడ, తన కర్ర పెద్దమ్మ చేతికిస్తూ. "ముందున్న మనిషి ఎంత వేగంగా నడిస్తే అందరూ అంతే. అప్పుడు ఎవరూ వెనకబడరు. త్వరగా తేల్చండి, సముద్రం మన కోసం ఆగదు."

నేను తెలుగులో చెప్పాను. "చెప్పేశావా, చెడిపోయినదానా!" అని పెద్దమ్మ నన్ను కాల్చేసేలా చూసింది. తర్వాత ఆ ముఖాలన్నీ ఒకసారి చూసింది. "ఎవరైనా జారిపడితే, నీళ్ళొచ్చేస్తే? ఆ పాపం నాదే కదే," అంది. "ఎంతసేపని నిలబెడతావ్ వాళ్ళని?" అన్నాను. పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుని, కళ్ళు దించుకుని, వాళ్ళ మధ్యలోంచి గడప దాటింది.

నడక మొదలుపెట్టిందా, ఇక ఆగలేదు. గులకరాళ్ళమీద చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని పరుగులాంటి నడక. ఎర్రముఖం ఆవిడ రొప్పుతూ, "మోకాళ్ళు నొప్పి అన్నదెవరు?" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను.

అందరికంటే ముందు పెద్దమ్మ దీవి ఎక్కి వెనక్కి తిరిగింది. వరసగా అందరం ఆవిడకు ఎదురుగా నడిచి వస్తున్నాం. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది, పక్కకు తొలగిపోవడానికి. రెండువైపులా నీళ్ళే. అలాగే నిలబడింది. ఒడ్డున నాచు పట్టి జారుతోంది. మొదట వచ్చిన ఆవిడ తడబడితే చెయ్యి చాచి లాగింది. తర్వాత ఒక్కొక్కరినీ అలాగే చెయ్యి పట్టి పైకి తీసుకుంది, ప్రతి ఒక్కరినీ తలనుంచి పాదాలదాకా చూస్తూ. అందరిలోకీ ఆఖరున యాత్ర నడిపించే ఆవిడ ఎక్కింది.

రాయి పెద్దమ్మ వెనకే ఉంది. ఇంకా అటు తిరగనేలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అందరూ వచ్చేశారే," అంది. "ఎవరికీ ఏం కాలేదే, అమ్మాయ్. ఎవ్వరికీ ఏం కాలేదు."