చీటీ రాని యూస్తు

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా చర్చి సండే స్కూల్లో ఒక ఆదివారం నన్నూ సుగుణనూ పక్కపక్కన నిలబెట్టారు. జమ్మలమడుగులో జరిగే బైబిలు పోటీకి మా చర్చి నుంచి ఒక్కరే వెళ్లాలి.

పన్నెండుమంది శిష్యుల పేర్లు, ఎవరు దేనికి ముఖ్యమో చెప్పాలి. నువ్వే క్రీస్తువని ఒప్పుకున్న పేతురు... తోబుట్టువును యేసు దగ్గరికి పిలుచుకొచ్చిన అంద్రెయ... గాయాలు చూస్తేగాని నమ్మనని, చూశాక దేవుడివని మొక్కిన తోమా... ఇద్దరం తడబడకుండా అప్పజెప్పాం.

నేను ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆ చర్చిలోనే. సుగుణ చాపాడు నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు. కానీ ఆ పిల్ల నోరు తెరిస్తే వెనక బెంచీలో అమ్మలు కూడా ముచ్చట్లు ఆపేవాళ్లు. అదీ నా మంట.

కరుణమ్మ టీచర్ రెండు చీట్లు రాసి స్టీలు గ్లాసులో వేసింది.

"అపొస్తలులు గూడా ఇట్లనే జేసినారు మే. పన్నెండుమందిలో యేసయ్యను పట్టించిన యూదా పోయినాక ఖాళీ అయిన చోటుకు ఇద్దర్ని నిలబెట్టి, ప్రార్థన జేసి చీట్లేసినారు. మత్తీయకొచ్చింది. ఎవురూ అలగగూడదు."

కళ్లు మూసుకుని ఒక చీటీ తీసింది... సుగుణ పేరు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు నేను.

"ఏందే, కోడికూర వద్దంటాండావు? జరమొచ్చిందా?" అంది జేజి, అంటే మా నాన్నమ్మ.

"ఆ మత్తీయంటే నాకు పడదు."

సంగతంతా విని జేజి అద్దాలు పెట్టుకుని బైబిలు తెరిచింది. "ఆయప్పను ఇడువు. రెండో ఆయప్పను జూడు... యూస్తు. ఈయప్ప గూడా యేసయ్య పైకి పొయ్యేదాంక ఎంబడే తిరిగినోడు. ఇద్దరికీ ఎచ్చూ తగ్గూ లే."

"మరి ఆయప్పకు కడుపు మండలేదా జేజీ?"

"మండే ఉంటాది. మనిషే గదా."

"తర్వాత ఏం జేసినాడు?"

"రాయలేదు మే. తిను."

నేను వదల్లేదు. చివరి పేజీ దాకా వెతికాను. ఆ యూస్తు మళ్లీ కనబడలేదు. కానీ చిత్రం... మత్తీయ పేరూ మళ్లీ ఎక్కడా లేదు!

"దేవుని పని జెయ్యను పేరెందుకు మే? ఇద్దరూ పని జేసుకుంటా పోయింటారు," అంది జేజి.

నాకంత పెద్ద మనసు లేదు. మత్తీయ కనబడలేదన్న సంతోషంలో కూర రెండుసార్లు వేయించుకున్నాను.

సుగుణ మొదటి బహుమతి తెచ్చింది. చర్చంతా చప్పట్లు... నేనూ కొట్టాను, చప్పుడు రాకుండా.

ఇప్పుడు పోటీలకు చీట్లు లేవు. ఇంట్లోనే వీడియో తీసి గ్రూపులో పెడితే అందరికీ సర్టిఫికెట్టు. పిల్లలెవరూ అలగడం లేదు. సుగుణ పులివెందులలో సండే స్కూల్ టీచర్. నిన్న శిష్యుల వేషాల్లో తన క్లాసు పిల్లల ఫొటో పెట్టింది... లైకు కొట్టడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

అన్నీ సరిగ్గా అప్పజెప్పినా పక్కవాళ్లకే చీటీ వచ్చిన రోజు మీకూ ఉందా... మరుసటి ఆదివారం ఏ మొహంతో వెళ్లారు? చెప్పండి...

నన్ను జేజి చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ఇప్పుడు అలిగితే లాక్కెళ్లేవాళ్లు లేరు.