ఆరు సిలిండర్ల విమానం

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన్ని అందరూ విమానమాయన అంటారు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కాలన్న ఆశా లేదు. లోపల కూర్చుంటే విమానం కనబడదు కదా అంటాడు. ఆయన పిచ్చల్లా పాత ఫొటోల్లోని విమానాల మీదే. రెండో మూడో తయారుచేసి మానేసిన, ఎవరూ ఎరగని రకాలైతే మరీ ఇష్టం. తోక చివరో రెక్క ముక్కో కనిపిస్తే చాలు, పగలంతా విరిగిన ఎముకలు చూసిన కళ్లతోనే సాయంత్రం దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీస్తాడు. ఫోనులో ఇలాంటి పిచ్చివాళ్ల గుంపు ఒకటుంది, ఏడుగురు. ముందుగా పేరు చెప్పినవాడికి మిగతా ఆరుగురూ శభాష్ అంటారు. అంతకుమించి ఏమీ రాదు. ఆయన భార్య ఆ సంగతి రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

ఒకరోజు బావమరిది ఓ ఫొటో పట్టుకొచ్చాడు. అందులో మీసాల తాతగారు, అంటే అత్తగారి తండ్రి, విమానం ముక్కు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. మా తాత పైలట్ అని బావమరిది ఆఫీసంతా చాటుకున్నాడు. ఇప్పుడు ఫొటో పెద్దది చేయించి, కింద ఇత్తడి పలక మీద విమానం పేరు చెక్కించాలట.

"బావా, నీకిది చిటికెలో పని" అన్నాడు.

ఆ చిటిక మూడు వారాలు సాగింది. గుంపులో ముగ్గురు మూడు దేశాల విమానాల పేర్లు చెప్పి ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్నారు. ఆయనకు తిండి సయించలేదు. ముక్కు చుట్టూ గుండ్రంగా ఉన్న సిలిండర్లు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆరే. అలాంటి ఇంజన్లలో వరుసకి బేసి సంఖ్యే ఉంటుంది. చివరికి భూతద్దం పెట్టి పొట్ట కింద వెతికితే, చక్రాల మధ్య స్టూలు కాలు కనిపించింది. చక్రాలు నేలకి ఆననే లేదు. అది ఫొటో స్టూడియో వాళ్ల చెక్క విమానం.

బావమరిది ముఖం మాడిపోయింది. అమ్మతో అనొద్దు, తట్టుకోలేదని బతిమాలాడు. కానీ విమానమాయన, ఎముక విరిగితే విరిగిందనే చెప్పే మనిషి. ఆదివారం అత్తగారి ఎదుట కూర్చుని ముందు ఆమె ఆరోగ్యం అడిగాడు, తర్వాత ఎండల సంగతి, తర్వాత మళ్లీ ఆరోగ్యం. ఆమెకే విసుగొచ్చి విషయమేమిటంది.

"అత్తయ్యగారూ, అది ఎగిరే విమానం కాదండీ."

"ఎగిరుంటే మా నాన్న గుండె ఆగిపోయేది" అందావిడ. "స్టూడియో వాళ్లకి ఆయనే చేసిచ్చాడు. వడ్రంగి కదా."

తలుపు పక్కన నక్కి వింటున్న బావమరిది లోపలికొచ్చాడు. వడ్రంగం, తాత పైలట్ ఉద్యోగం మానేశాక పట్టిన పనని అతను ఇన్నాళ్లూ నమ్ముతున్నాడు.

"మా నాన్న విమానం అన్నాను. నడిపాడని నేనెప్పుడన్నాను?" అంది తల్లి. "నువ్వే అనుకున్నావు. సరదా పడుతున్నావు కదాని ఊరుకున్నాను."

విమానమాయన మాత్రం నోటుపుస్తకం తెరిచాడు. ఏం చెక్క, రెక్కలెన్ని అడుగులు, ఒకేసారి ఎందరు ఎక్కేవారు అని వరసపెట్టి అడిగాడు. సిలిండర్లు ఆరే ఎందుకని అడిగితే, ఆ రోజు దొరికిన పెయింటు డబ్బాలు ఆరే అంది అత్తగారు. ఇన్నేళ్లుగా అల్లుడితో ముక్తసరి మాటలే తప్ప ఎరగని మనిషి, పొద్దు వాలేదాకా చేతులు చాచి కొలతలు చూపిస్తూనే ఉంది.

గుంపుకి నిజం రాసి పంపాడు. మూడో రోజు ఒకాయన, ముందున్న పంకా తిరిగేదా అని అడిగాడు. అత్తగారు కళ్లజోడు తెప్పించుకుని, జవాబు తానే చెప్పి రాయించింది: తిరిగేది, పిల్లలు వేళ్లు పెడుతున్నారని మా నాన్న మేకు కొట్టేశాడు.