మా అమ్మ చూసిన మూస్

మా ఆయన జగన్మోహన్‌కి ఎవరి ఇల్లు చూసినా, ఎవరి కారు చూసినా అసూయ పుట్టదు. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో, మనవాళ్ళలో ఇలాంటి మగవాడు దొరకడం కష్టమని నేను మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం మా అమ్మ శేషమ్మ మూస్‌ని చూసేదాకే.

మూస్ అంటే చలి ప్రాంతాల్లో తిరిగే పెద్ద జంతువు. దుప్పి జాతే గానీ గుర్రం కన్నా ఎత్తు. మిషిగన్‌లో దాన్ని చూడాలంటే పెద్ద వంతెన దాటి ఉత్తరాన అడవుల్లోకి పోవాలి. కార్లకు వైరింగ్ డిజైన్ చేసుకునే ఈ మనిషికి ఆ పిచ్చి ఎలా పట్టిందో నాకు తెలియదు. ప్రతి వేసవీ సెలవు పెట్టి, మెళ్ళో బైనాక్యులర్స్ వేసుకుని, నన్నూ మా అమ్మాయి సాన్వినీ దోమలకు అప్పగించేవాడు. ఏ ఏడూ దాని తోక కూడా కనబడలేదు.

పోయిన జూన్‌లో ఇండియా నుంచి అమ్మ వస్తే ఆవిడనీ తీసుకెళ్ళాం. ఈయన తెల్లవారకముందే లేచి రోడ్డు పక్క మడుగు దగ్గర కాపు కాశాడు. ఎండెక్కాక పులిహోర తిని, కారు సీటు వెనక్కి వాల్చి గురక పెట్టాడు. నేనూ సాన్వీ రెస్ట్‌రూమ్‌కి వెళ్ళాం. అమ్మ పులిహోర గిన్నె కడగడానికి మడుగు ఒడ్డుకు దిగింది. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ కారు దగ్గర నిలబడి ఉంది.

"ఒసేవ్, ఎంత గేదె అనుకున్నావు! నీళ్ళలోంచి తలెత్తి నన్నే చూసింది. మూతినిండా నాచు!"

మా ఆయన ఉలిక్కిపడి లేచి, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు. అప్పటికే అది వెళ్ళిపోయింది. బురదలో దాని అడుగులు మాత్రం తాజాగా ఉన్నాయి. పాపం, వాటినే ఫోటో తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క పిలుపు పిలిస్తే మీ అమ్మ సొమ్మేం పోయేది? పక్కనే ఉన్నాను కదా! ఇన్నేళ్ళు డ్రైవ్ చేసింది నేను. గిన్నె కడగడానికి వెళ్ళినావిడకి కనబడడమేంటి?"

అత్తగారిని చూసి కుళ్ళుకునే అల్లుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ వేసవంతా, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ ఏదానికి వెళ్ళినా పిల్లలు "అమ్మమ్మా, మూస్ స్టోరీ చెప్పవా?" అంటూ అమ్మ చుట్టూ మూగేవారు. ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతుంటే ఈయన మధ్యలో దూరి, "గేదె కాదండీ, అది డీర్ ఫ్యామిలీ" అనేవాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇంట్లో అత్తగారికి కాఫీ కలిపిచ్చేవాడు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగేవాడు. మూస్ గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే పరువు పోతుందని కాబోలు.

ఆగస్టులో శ్యామ్‌సుందర్ గారింట్లో విందు. ట్రాయ్‌కి కొత్తగా వచ్చిన ఫణి అనే కుర్రాడు అమ్మ చెప్పిందంతా విని, "అన్నా, మీరు కూడా చూసిండ్రా?" అన్నాడు. అందరూ ఈయన వైపు తిరిగారు.

"చూడకపోవడమేంటి? అత్తయ్యగారికి చూపించిందే నేను!"

నాకు తల కొట్టేసినట్టయింది. సాన్వి "బట్ డాడీ..." అంటూ నోరు తెరిచింది. అమ్మ దాని చెయ్యి నొక్కింది.

"అవును బాబూ, మా అల్లుడుగారు చూపించబట్టే చూశాను. అది మూస్ అని నాకేం తెలుసు?" అంది ఫణితో.

 ఇంటికి వస్తుంటే ఆయన్ని చూసి నాకు ఒళ్ళు మండింది. రెడ్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అత్తయ్యగారూ, అది ఎలా ఉంది?"

అమ్మ ముందుకు వంగి చెప్పింది. "నిజానికి నేనూ సరిగా చూడలేదు బాబూ. అది తలెత్తగానే మీకు చూపిద్దామని కారు దగ్గరికి వచ్చేశాను. అద్దం మీద కొట్టబోయాను. నిద్రపోతున్న అల్లుణ్ణి ఎలా లేపను? మీరే లేస్తారేమోనని అలాగే నిలబడ్డాను. వెనక్కి తిరిగేసరికి అది వెళ్ళిపోయింది."

సిగ్నల్ పచ్చబడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. మా ఆయన తల వంచుకుని అలాగే కూర్చున్నాడు.