మేకలు మెచ్చిన సైకిళ్లు

నలభై ఎనిమిదేళ్ల వయసులో మా బావకి కొండల్లో సైకిల్ తొక్కాలన్న కోరిక పుట్టింది. బావంటే మా అక్క భర్త; ఆయన కూడా నన్ను బావా అనే పిలుస్తాడు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. మనిషి వంద కేజీలకి అటే గానీ ఇటు కాదు. ఎవరో కుర్రాళ్లు అడవిలో రాళ్ల మీంచి సైకిళ్లతో దూకుతూ దిగే వీడియోలు నెల రోజులపాటు ఫోన్లో చూసేడు. చూసి, లావు టైర్లూ గేర్లూ ఉన్న సైకిళ్లు రెండు తెప్పించేడు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు.

"నాకెందుకు బావా?" అన్నాను.

"నాను పడితే ఎత్తడానికి ఒక మనిషుండాలి కదేటి," అన్నాడు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంటర్ అయ్యాక సైకిల్ ముట్టుకోలేదు. అయినా ఆదివారం తెల్లారేసరికి హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని బావ పక్కన వ్యాన్లో కూర్చున్నాను. అది రోజూ బెల్లం దిమ్మలు మోసే వ్యాన్. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి పాకంలా కారుతుంది. ఆ పాకం మీదే సైకిళ్లు రెండూ పడుకోబెట్టి నర్సీపట్నం దాటి గొలుగొండ వైపు కొండల్లోకి వెళ్లాం. ఇది ముందే ఆలోచించవలసిన సంగతి. ఇద్దరం ఆలోచించలేదు.

కొండ కింద జీడితోట పక్కన వ్యాన్ ఆపి కాలిబాట పట్టాం. తొక్కింది వంద అడుగులు. ఆ తర్వాత గంటన్నర సైకిళ్లని తోసుకుంటూ ఎక్కడమే. హ్యాండిల్ చేతులకి అంటుకుపోతోంది.

"గ్రిప్పు సూసేవా బావా? మంచి సరుకు!" అన్నాడు బావ రొప్పుతూ.

పైన చదునుగా ఒక బండ ఉంది. సైకిళ్లు పక్కన పడేసి ఇడ్లీ పొట్లాలు విప్పాం. పొదల్లోంచి గడ్డం ఉన్న నల్ల మేకపోతొకటి వచ్చి నా సైకిల్ హ్యాండిల్ నాకడం మొదలుపెట్టింది. "పాపం, మూగజీవి," అని బావ వీడియో తీసేడు. తర్వాత మూడొచ్చాయి. తర్వాత మందంతా వచ్చింది. కాసేపటికి సైకిళ్లు కనబడలేదు, మేకలే కనబడ్డాయి. ఒకటి నాకుతుంటే పెడల్ గిర్రున తిరిగి దాని మూతికి తగిలింది. అయినా వదల్లేదు.

నేను మేకల మధ్యలోంచి చెయ్యి దూర్చి, సైకిల్ గొట్టం మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాను.

"బావా, ఇది బెల్లం."

బావ కూడా ఒక వేలు నాకి, కళ్లు మూసుకుని రుచి చూసేడు. "మొదటి రకమే," అన్నాడు.

ఎలాగో సైకిళ్లు లాక్కుని, ఎక్కి కిందికి దిగడం మొదలెట్టాం. వెనక గంటల చప్పుడు. తిరిగి చూస్తే మందంతా మా వెంటే వస్తోంది. మేం బ్రేకు వేస్తే అవీ ఆగుతున్నాయి. ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి నా సీటు మీద మూతి పెడుతోంది. వేగంగా పోతే వదిలించుకోవచ్చని బావ ముందుకి దూకించేడు. మేకలు అడ్డదారిన దిగి మలుపు దగ్గర ఆయన కోసం నిలబడ్డాయి. వాటిని తప్పించబోయి బావ పొదలో పడ్డాడు. అవి తీరుబడిగా వచ్చి ఆయన చేతులూ మోకాలి ప్యాడ్లూ నాకడం మొదలుపెట్టాయి.

"నవ్వుతావేటి బావా! ఎత్తు!"

నన్ను తెచ్చుకుంది అందుకేగా, ఎత్తాను.

వ్యాన్ దగ్గరికి చేరి వెనక తలుపు తీసేసరికి, పైనుంచి కర్ర పట్టుకుని ఒకావిడ పరుగున దిగొచ్చింది. చీర మోకాళ్ల పైకి దోపింది. యాభై ఏళ్లుంటాయి. పుట్టగొడుగులు ఏరుకుందామని అలా వెళ్లి వచ్చేసరికి మంద లేదట. మమ్మల్ని చూసింది. ఇద్దరు హెల్మెట్ల మనుషులు, నల్ల కళ్లద్దాలు, తలుపు తీసిన వ్యాన్, చుట్టూ ఆవిడ మేకలు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనుకునేవాణ్ని.

"మేకలికి ఏటెట్టేర్రా? మందెట్టేరా?"

"మందు కాదప్పా, బెల్లం," అన్నాడు బావ. మా వైపు అప్ప అంటే అక్క.

"బెల్లవెట్టి అట్టుకుపోతన్నారా!"

"మేం పెట్టలేదమ్మా. సైకిళ్లకి అంటుకుంది," అన్నాను.

"సైకిలికి బెల్లం ఎవుడు రాత్తాడు?"

హోంవర్క్ తేని పిల్లల్ని ఇరవై ఏళ్లుగా నిలదీస్తున్నాను. వాళ్ల మొహాలు ఎందుకలా ఉంటాయో ఆ రోజు తెలిసింది.

ఆవిడ కేకేసింది, అదిలించింది, కర్రతో నేల మీద కొట్టింది. ఒక్క మేకా సైకిళ్లని వదల్లేదు. చివరికి మా వైపు తిరిగింది.

"మీరే తెచ్చేరు. మీరే అట్టుకెల్లండి."

ముందు మేమూ సైకిళ్లూ, వెనక మేకలు, అందరికన్నా వెనక ఆవిడ. మళ్లీ కొండెక్కాం. ఆవిడ కర్ర మేకల కోసమో మా కోసమో తెలియలేదు. బావ యాభై అడుగులకోసారి ఆగుతున్నాడు.

"ఆగితే నాకేత్తాయి బాబూ! బెల్లం అయిపోతే మళ్లీ రావు. నడు, నడు!" అని వెనకనుంచి అదిలించింది ఆవిడ.

అది నిజమే. నేను తోయడం కూడా మానేసి సైకిల్ భుజాన వేసుకున్నాను. అదొక పొరపాటు. పొడుగు మేకలు నా మెడ నాకడం మొదలుపెట్టాయి.

బండ దాటాక ఆవిడ పాకా, పక్కన కంప కట్టిన దొడ్డీ వచ్చాయి. సైకిళ్లు రెండూ దొడ్లో పెట్టమంది. పెట్టాం. మేకలన్నీ లోపలికెళ్లాయి. తడిక వేసేసింది. అప్పుడు గానీ ఆవిడ మొహం మెత్తబడలేదు. స్టీలు గ్లాసుల్లో చోడంబలి, అదే రాగి అంబలి, పోసి ఇచ్చింది. ఉల్లిపాయ కూడా ఇచ్చింది.

"ఇంతకీ ఎందుకొచ్చేరు బాబూ?"

"సైకిల్ తొక్కడానికప్పా."

"ఎక్కడికెల్దారని?"

"ఎక్కడికీ కాదు. ఎక్కి, దిగడానికి."

ఆవిడ మా హెల్మెట్లనీ ప్యాడ్లనీ ఎగాదిగా చూసింది. "మీ ఊల్లో రోడ్లేయలేదేటి?" అంది, నిజంగా జాలిపడి. బావ నా వైపు చూసేడు. నేను అంబలి తాగుతున్నాను.

మేకలకి విసుగొచ్చాక సైకిళ్లు బయటికి తీశాం. బావ సైకిల్ కుడి హ్యాండిల్ రబ్బరు సగం లేదు. మిగతాదంతా షాపులో కూడా అంత శుభ్రంగా లేదు. లేచి బయల్దేరుతుంటే ఆవిడ వెనకనుంచి పిలిచింది.

"బాబూ, వచ్చే ఆదోరం మంద అవతలి కొండకి తోలాలి. ఒక్కదాన్నే. మీ సైకిల్లు అట్టుకుని వత్తారేటి?"

నాకు నవ్వొచ్చింది. బావకి రాలేదు. ప్యాడ్లు సర్దుకుంటూ నిలబడి, బజార్లో పెద్ద ఆర్డరు వచ్చినప్పటి మొహంతో అడిగేడు:

"ఎన్నింటికి రమ్మంటావప్పా?"