సుగుణ సిస్టర్ పాఠాలు నేను దించలేదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా పట్టలేదు. దాన్ని మోయడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పుకోలేదు, కన్నతల్లికి కూడా. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కేజీఎఫ్. డిగ్రీ అయ్యాక రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న ట్రస్టులో పనికి చేరాను. ఇళ్లలో రోగులను చూసుకునే ఆడవాళ్లు ఫోన్‌లో విని నేర్చుకునే పాఠాలు తయారుచేసేవాళ్లం. పాఠాలు కట్టే సాఫ్ట్‌వేర్ మా కంప్యూటర్లో ఉండేది కాదు. ఇంటర్నెట్‌లో తెరిచి, అక్కడే బొమ్మలు పెట్టి, అక్కడే గొంతు రికార్డు చేసి, అక్కడే వదిలేసేవాళ్లం. మా చేతిలో ఏమీ లేదన్న సంగతి నాకెప్పుడూ తోచలేదు.

ఆ పాఠాల్లో గొంతు సుగుణ సిస్టర్‌ది. గని ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో వాళ్ల నాన్న కూర్చునే నిద్రపోయి, కూర్చునే చనిపోయాడట. ఆయనకు అప్పట్లో చేయలేకపోయినదంతా ఆమె ఈ పాఠాల్లో చెప్పింది. ఆయాసం వస్తే మనిషిని ఎలా ఆనించి కూర్చోబెట్టాలి, ఆక్సిజన్ సిలిండర్ మీట ఎలా తిప్పాలి, అన్నిటికంటే ముందు మన భయం అతనికి కనబడకుండా ఎలా నిలబడాలి. పుస్తకాల భాష కాదు. గని కార్మికుల లైన్ ఇళ్లలో మేం మాట్లాడుకునే తెలుగు. బైరకూరులో మామను చూసుకునే ఒక కోడలు, భయమేసినప్పుడల్లా పాఠం అవసరం లేకపోయినా ఆ గొంతు వింటానని చెప్పింది.

తర్వాత ఆమెకు గొంతులో కేన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేస్తే బతుకుతుందన్నారు బెంగళూరు డాక్టర్లు. ఆమె ఒప్పుకోలేదు. కూతురు శాంతి ఎంత ఏడ్చినా ఒప్పుకోలేదు.

అదే సమయంలో మా ట్రస్టు ఆ సాఫ్ట్‌వేర్ మానేసి వేరేదానికి మారాలనుకుంది. దాని చందా ముగిసేలోగా పాఠాలన్నీ డౌన్‌లోడ్ చేసి, అంటే దించి, ఆఫీసు డిస్కులో భద్రపరిచే పని నాది. ఒక్కో పాఠాన్ని తెరవాలి, బయటికి తీయాలి, దించాలి, మళ్లీ ఆడించి చూడాలి. విసుగు పుట్టించే పని. అప్పుడు నేను బెంగళూరు ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. పొద్దున్నే బంగారుపేటకు పరుగు, రైలు, ఇంటర్వ్యూ. మొదటి పాఠం ఒక్కటి నా ఫోన్‌లోకి దించి ఆడించి చూశాను, డిస్కులోకి ఎక్కించలేదు. మిగతావి రేపు అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఒక మధ్యాహ్నం సిస్టర్ ఆఫీసుకు వచ్చింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"ఏమ్మా, ఆ సాఫ్ట్‌వేర్ మానేస్తా ఉండారంట కదా. నా పాఠాలు యాడికి పోతాయి?"

"యాడికీ పోవు సిస్టర్. అన్నీ దించి పెట్టినాను."

"అన్నీనా?"

"అన్నీ. మన డిస్కులోనే ఉండాయి."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"ఇంగ సరేమ్మా. నా గొంతు యాడో ఒకచోట ఉండాది కదా. దీన్ని కోసుకుంటే కోసుకోనీ. డాక్టరుకి ఊ అని చెప్తాను."

అప్పుడైనా నోరు తెరవచ్చు కదా? లేదు సిస్టర్, ఇంకా దించలేదు, ఇప్పుడే మొదలుపెడతాను అనొచ్చు కదా? సాయంత్రం కూర్చుని చేసేస్తే అబద్ధం నిజమైపోతుందిలే అనుకున్నాను. సాయంత్రం బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది, ఉద్యోగం ఖాయమని. ఇంట్లో స్వీట్లు పంచారు.

నేను వెళ్లిపోయాను. చందా ముగిసింది. ఇంతవరకే అయితే అజాగ్రత్త అని నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. కానీ ఖాతా నా పేరునే ఉండడంతో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నా మెయిల్‌కే హెచ్చరికలు వచ్చాయి. మీ పాఠాలు ఇంకా ఉన్నాయి, చందా కట్టి తీసుకోవచ్చు, గడువు దాటితే చెరిపేస్తాం అని. ట్రస్టుకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. చేస్తే, మరి దించానన్నావే అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి మెయిల్ మూసేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ మూసేశాను. సుగుణ సిస్టర్ గొంతు పోయింది నా బద్ధకం వల్ల కాదు. నా పరువు కోసం, తెలిసి, పోనిచ్చాను.

డిస్కులో ఏమీ లేదని ట్రస్టువాళ్లు అడిగినప్పుడు, దించిన ఫైళ్లు పాడైనట్టున్నాయి, తప్పు ఆ కంపెనీదే అన్నాను. అదే మాట సిస్టర్‌కు చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆపరేషన్ అయింది. మెడకు తెల్ల గుడ్డ. నేను చెబుతుంటే ఆమె పెదవులు కదిలాయి, శబ్దం లేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపును ఆమె వేరేగా అర్థం చేసుకుంది. దగ్గరికి తీసుకుని కొంగుతో నా ముఖం తుడిచింది. శాంతి కాఫీ తెచ్చింది. ఎందుకు తాగాను ఆ కాఫీ?

సిస్టర్ ఇంకా ఉంది. బతికే ఉంది, ఆపరేషన్ వల్లే. నా అబద్ధమే ఆమెను బతికించిందని కొన్నిసార్లు నాకు నేను చెప్పుకుంటాను. ఇంతకంటే నీచమైన ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఆమె నన్ను నమ్మి తన గొంతు ఇచ్చింది. నేను ఏ నమ్మకానికీ తగనిదాన్ని. బైరకూరు కోడలు మామ పోయేముందు ఆ పాఠం కోసం ఫోన్‌లో వెతికిందట. వెతికి వెతికి, ఊరుకుందట.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే పైదంతా చెప్పినా చెప్పనట్టే. నేను దించిన మొదటి పాఠం నా దగ్గరే ఉంది. చేతులు కడుక్కోవడం గురించి. చక్కగా ఆడుతుంది. ఆమె గొంతు వినిపిస్తుంది. ఇదొక్కటి బాగుండి మిగతావి ఎలా పాడయ్యాయని అడుగుతారని, ఆ తల్లీకూతుళ్లకు ఇన్నేళ్లూ ఇవ్వలేదు. వాళ్ల ఇంట్లో లేని గొంతు నా ఫోన్‌లో ఉంది.

ఈ రోజు పొద్దున శాంతికి దాన్ని పంపాను. కింద రాశాను: 'ఇది నా దగ్గరే ఉండింది. మిగతావి నేను దించలేదు. దించినానని అమ్మకు అబద్ధం చెప్పినాను. కంపెనీ తప్పేమీ లేదు.'

శాంతి చూసింది. చూసినట్టు ఫోన్‌లో నీలం టిక్కు పడింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, జవాబు లేదు. ఏం రాస్తుంది? తల్లికి వినిపించిందో లేదో తెలియదు. వినిపిస్తే, తన గొంతు తాను విని సిస్టర్ ఏం చేసిందో తెలియదు. ఎవరినీ క్షమించమని అడగలేదు, అడగను. పోయింది ఎలాగూ తిరిగి రాదు. దించలేదు. దించానన్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాట నా నోట నిజంగా వచ్చింది. ఇంతే. నాకు మిగిలింది ఇంతే.